ఏ బాయికి?

నా ముందు నిలబడి అబద్ధం చెప్పి, ఆ అబద్ధాన్ని చంకన పెట్టుకుని క్షేమంగా ఇంటికి పోయినవాడు కరీంనగర్, ఆదిలాబాద్ రెండు జిల్లాల్లోనూ లేడు. గొప్పకు చెప్పుకుంటున్న మాట కాదు, ఉన్న మాట. అబద్ధం ఆడేవాడి ఎడమ చెవి కదులుతుంది. ఆవగింజంత. మీకు కనపడదు, నాకు కనపడుతుంది. జమ్మికుంట పత్తి యార్డులో బోరెం బస్తా మీద చెయ్యి వెయ్యకుండానే, అమ్మేవాడి చెవి చూసి, పత్తి మీద ఎన్ని బిందెల నీళ్ళు చల్లాడో చెప్పినవాణ్ణి. మెట్‌పల్లి అంగట్లో ఒక బర్రె కోసం ఇద్దరు నాదంటే నాదని కొట్టుకుంటుంటే, వాళ్ళను వదిలేసి బర్రె చెవి చూశాను. దొంగ దాని మెడ నిమిరినప్పుడు చెవి కదిలింది. తీర్పు అక్కడికక్కడే అయిపోయింది. అందుకే, ఊరి బడిలో నాలుగో తరగతి దాటకుండా నిజాం పోలీసులో జవానుగా చేరిన నన్ను, బుగ్గవాగు బొగ్గు కంపెనీ వాళ్ళు పిలిచి మరీ కావలి జమేదారును చేశారు. కంపెనీలో ఏది పోయినా కైలాసం జమేదారు రావాల్సిందే.

పంతొమ్మిది వందల అరవై ఆరు కార్తీకంలో పోయింది ఒక దీపం. గనిలోకి దిగేవాడు టోపీకి తగిలించుకునే దీపం.

అసలు ఆ పొద్దున దీపం గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండకూడదు. రెండో నంబరు గనిలో మూడో డిప్పు, అంటే ఏటవాలుగా లోపలికి దిగే మూడో సొరంగం, అంటుకుంది. బొగ్గుకు అగ్గిపుల్ల అక్కర్లేదు. లోపల గుట్టగా పడి ఉంటే దానంతట అదే ఉడికి రాజుకుంటుంది. నీళ్ళు కొడితే ఆరదు, గోడ కట్టి గాలి ఆడకుండా చేస్తేనే చస్తుంది. మూడో డిప్పుకు దారులు రెండు. పొగ బయటికి వచ్చే దారికి తెల్లవారేసరికే గోడ కట్టేశారు. మంచి గాలి లోపలికి పోయే దారికి ఇప్పుడు కడుతున్నారు. ఈ గోడ కూడా పూర్తయితే లోపల ఎవరున్నా ఇక అంతే. పూర్తి కాకపోతే మంట పక్క డిప్పులకు పాకి గని మొత్తం పోతుంది, దాన్ని నమ్ముకున్న క్వార్టర్ల వరసలన్నీ ఖాళీ అవుతాయి. కాబట్టి మేనేజరు గోడ ఆపడు. ఆపాల్సిన పని కూడా లేదు. లోపల ఎవరూ లేరని బోర్డు చెబుతోంది.

బోర్డు అంటే దీపాల గది గోడకు కొట్టిన చెక్క. మనిషికొక మేకు, మేకుకొక ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. దిగేవాడు బిళ్ళ తీసుకుని, దీపం తీసుకుని పోవాలి. ఎక్కి వచ్చాక దీపం అప్పజెప్పి, బిళ్ళ మేకుకు తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే మనిషి లోపల, బిళ్ళ వేలాడుతుంటే మనిషి బయట. ఆ పొద్దున మేకులన్నీ నిండి ఉన్నాయి. దీపాల అరలో మాత్రం ఒక గూడు ఖాళీ. ఆ గూడు ముత్యానిది.

"బిళ్ళ అచ్చింది, బత్తి రాలే," అన్నాడు దీపాల గుమాస్తా బుచ్చిరాములు. రాత్రంతా నిద్ర లేక అతని గొంతు చప్పబడింది. "మనిషి బైటికచ్చిండు, బత్తి ఇయ్యకుంట పోయిండు. దొంగతనమే గద జమేదార్ సాబ్."

అతని చెవి చూశాను. కదల్లేదు.

ముత్యం క్వార్టరుకు పోయాను. భార్య కాన్పుకు తల్లిగారింటికి పోయిందట. ముసలి తల్లి కనకవ్వ ఒక్కతే గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. రాత్రి మంట లేచినప్పుడు గని సైరన్ వేసిన కూత ఆమె కూడా వినే ఉంటుంది. అందరూ ఎక్కి వచ్చారని తర్వాత చాటింపు వేసిన సంగతీ వినే ఉంటుంది. నన్ను చూసి లేవలేదు, చేతులు ఆపలేదు.

"అవ్వా, ముత్యమేడి?"

"బాయికి పోయిండు."

"ఎప్పుడు పోయిండు?"

"నిన్న పొద్దుగూకంగ. సద్ది కట్టిచ్చిన."

"మల్ల ఇంటికి రాలేదా?"

"రాలే. పనున్నోడు పనికాడుంటడు. నడిమిట్ల ఎట్లొస్తడు బిడ్డా."

"మీదే ఊరు?"

"ధర్మపురి పక్కపొంటి."

ఇంతే మా సంభాషణ. కేసు తేలిపోయిందనుకున్నాను.

పట్నం చదువరుల కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా దిక్కు బాయి అంటే బొగ్గు గని. మా దిక్కే బాయి అంటే మోట తోలే బావి, దాని కింది పొలం కూడా. కంపెనీలో పుట్టి పెరిగినవాడు 'బాయికి పోయిండు' అంటే డ్యూటీకి పోయాడని అర్థం. ఊరి మనిషి అదే మాట అంటే పొలానికి పోయాడని. కనకవ్వ మాటతీరు వింటే చాలు, జన్మంతా వరి మడిలో కాలు పెట్టిన మనిషి. పైగా అది కోతల కాలం. కోతలప్పుడు గని సగం ఖాళీ అయి మనుషులు చెప్పకుండా ఊళ్ళకు పారిపోవడం ఏటేటా ఉన్నదే. కోతకు వచ్చిన చేను మీద పందులు పడకుండా రాత్రిళ్ళు కాపు కాయడానికి టోపీ దీపాన్ని మించింది లేదు. బ్యాటరీ రెండు రాత్రులకే చస్తుందని దొంగలకు చెప్పినా వినరు. అంటే, మంట గొడవలో అందరితోపాటు ఎక్కి వచ్చి, బిళ్ళ తగిలించి, దీపంతో అటునుంచటే ఊరికి పోయాడు. తల్లికి ముందే చెప్పి పోయాడు కాబట్టి ఆమె ఫికర్ లేకుండా బియ్యం ఏరుతోంది.

ఒక జవానును ధర్మపురి బస్సెక్కించి, మేనేజరుకు కబురు పంపాను. దొంగ దొరికినట్టే అని.

సంతకం పెట్టి పోదామని దీపాల గదికి తిరిగి వస్తే, అక్కడ నా స్టూలు మీద సోమయాజులు కూర్చుని ఉన్నాడు.

ఈయన గురించి చెప్పాలి. హైదరాబాద్ ఆఫీసుకు కంపెనీ ఒక యంత్రం తెప్పిస్తోంది. గట్టి కాగితం కార్డులకు చిల్లులు పొడిచి మనిషికొక కార్డు చొప్పున లోపలికి తోస్తే, ఎవరు ఎప్పుడు పనికి వచ్చారో అదే అచ్చు వేసి చెబుతుందట. ఆ యంత్రం రాకముందు, ఇక్కడ పని ఎట్లా నడుస్తోందో చూసి, దానికి తగ్గట్టు పద్ధతి అల్లడానికి వచ్చిన మనిషి ఈయన. కాకినాడలో పుట్టి కలకత్తాలో చదివాడు. కొలువు పేరు సిస్టమ్స్ అనలిస్ట్. మా వాళ్ళకు నోరు తిరగక అడుగుడు సారు అన్నారు. ఎందుకంటే పొద్దున లేస్తే అడగడమే పని. గుమాస్తా పక్కన కూర్చుంటాడు, "మీ చేతికి ఏం వస్తుందండీ? దాన్ని మీరేం చేస్తారు? ఎవరికిస్తారు?" అంటాడు. తర్వాత ఆ ఎవరి పక్కకో పోయి కూర్చుని అదే అడుగుతాడు. సాయంత్రం కాగితం మీద డబ్బాలు గీసి వాటి మధ్య బాణాలు వేస్తాడు. రామరావణ యుద్ధంలో కూడా అన్ని బాణాలు పడి ఉండవు. బుగ్గవాగులో ప్రశ్న అడిగే హక్కు అప్పటిదాకా నా ఒక్కడిది. కాబట్టి మా ఇద్దరికీ మొదటినుంచీ పడదు.

"దొంగ దొరికాడట కదండీ జమేదారు గారూ," అన్నాడు.

"దొరికినట్టే."

"నాకొక్కటి అర్థం కావడం లేదు. బిళ్ళేమో మనిషి బయట ఉన్నాడంటోంది. దీపం లేదు కాబట్టి లోపల ఉన్నాడేమో అనిపిస్తోంది. రెండూ ఒకే మనిషి గురించి. ఏది అబద్ధం?"

"బిళ్ళలు అబద్ధమాడయి సారూ, మనుషులాడుతరు. ఎవడు ఆడిండో పట్టుకునుడు నా పని. మీరు బాణాలు గీసుకోండ్రి."

"ఎవరూ ఆడకుండా కూడా అబద్ధం పుడుతుందండీ," అన్నాడాయన. కోపం లేదు, నవ్వు లేదు. "బిళ్ళ మేకుకు ఎలా వచ్చిందో మీరు చూశారా?"

చూడలేదు. ఆ మాట ఆయనకు చెప్పడం ఇష్టంలేక, బిళ్ళ తగిలించినవాణ్ణి పిలవమని బుచ్చిరాములును గద్దించాను. వచ్చినవాడు ఎల్లేశం, ముత్యం జట్టుకు మేస్త్రీ. మొహం మీది మసి కడుక్కోలేదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఎవరో తీసుకొచ్చి నిలబెట్టిన దుంగలా నిలబడ్డాడు.

"ముత్యం బిళ్ళ ఎవలు తగిలిచ్చిన్రు?" అన్నాను.

"నేనే."

"వాడు ఇయ్యంగ తగిలిచ్చినవా?"

"ఇచ్చుడేంది సాబ్. జట్టుయన్ని నా తాన్నే ఉంటయి."

సోమయాజులు ముందుకు వంగాడు. "అన్నీ మీ దగ్గరే ఎందుకుంటాయండీ?"

పొద్దు ఎందుకు పొడుస్తుందని అడిగినట్టు చూశాడు ఎల్లేశం. "గోచికి జేబు ఉంటదా సారూ?"

ఆ ఒక్క మాటకు సోమయాజులు రాసుకోవడం ఆపేశాడు. మూడో డిప్పులో ఉక్కకు బట్ట నిలవదు, అందరూ గోచి మీదే పనిచేస్తారు. బిళ్ళ ఎక్కడ పెట్టుకుంటారు? పోగొడితే జుర్మానా. అందుకని దిగగానే మేస్త్రీ జట్టు బిళ్ళలన్నీ ఒక తీగకు గుచ్చి మెడలో వేసుకుంటాడు. ఎక్కాక అన్నీ తనే మేకులకు తగిలిస్తాడు. ఇది నాకు తెలియదా అంటే, తెలుసు. నా కళ్ళ ముందు రోజూ జరిగేదే. తెలిసిన సంగతిని ప్రశ్నగా అడగాలని తోచలేదు, అంతే.

"ఎక్కేటప్పుడు జట్టులో అందరూ వచ్చారని చూసుకుంటారా?" అన్నాడు సోమయాజులు.

"బత్తులు ఎవలియి ఆళ్ళే ఇచ్చుకుంటరు సారూ. నాయి బిళ్ళలు. బిళ్ళలు చూసుకుంట."

"ముత్యం ఎక్కంగ జూసినవా?" అన్నాను.

"పొగ సాబ్. నా చెయ్యి నాకే కనవడలే."

"నా మొఖం జూసి చెప్పు. ఏమన్న దాస్తున్నవా? బిళ్ళ ఉన్న ప్రతోని బిళ్ళ తెచ్చినవా?"

"బిళ్ళ ఉన్న ప్రతోని బిళ్ళ తెచ్చిన. ఒక్కటి గూడ ఇడువలే."

చెవి కదల్లేదు. పొమ్మన్నాను. పోలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నావని నేను అడగలేదు.

సోమయాజులు ఖాళీ గూటిలో చెయ్యి పెట్టి చూశాడు, అక్కడేదో ఉన్నట్టు. "దీపం ముత్యం తల మీద ఉంటుంది. బిళ్ళ ఎల్లేశం మెడలో ఉంటుంది. మీ బోర్డు ముత్యం బయటికి వచ్చాడని చెప్పడం లేదు జమేదారు గారూ. ఎల్లేశం బయటికి వచ్చాడని చెబుతోంది. జట్టులో ఎన్ని బిళ్ళలుంటే అన్నిసార్లు చెబుతోంది."

నాకు నోట మాట రాలేదని రాస్తే మీరు నమ్మరు. వచ్చింది. నవ్వు కూడా వచ్చింది. "బాణాలు మస్తుగున్నయి సారూ. కని ముత్యం యాడికి పోయిండో ఆని తల్లే చెప్పింది. బాయికి పోయిండంట."

ఆయన తలెత్తాడు. "ఆ సంగతి మీకు పొద్దున్నే తెలుసా?"

"తెలిసే గద జవాన్ను తోలిన."

"గనికి వెళ్ళాడని తల్లి చెబితే జవానును ధర్మపురికి పంపారా?"

బాయి అంటే ఏమిటో, ఊరి బాయికీ కంపెనీ బాయికీ తేడా ఏమిటో, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాను. "మీ కాకినాడ తెలుగుకు ఇవి అందయి సారూ. గీ నేల మీద పుట్టాలె."

ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు. కాగితం మీద ఒక డబ్బా గీసి, దాని నుంచి రెండు బాణాలు వేశాడు. తర్వాత అడిగాడు.

"వాళ్ళకు పొలం ఉందా అండీ?"

గది బయట సిమెంటు బస్తా కోసం ఎవరో వచ్చారు. గోడ రొమ్ము ఎత్తు లేచిందని బుచ్చిరాములుతో చెబుతున్నారు. పొలం సంగతి నేను కనకవ్వను అడగనే లేదు. సోమయాజులు చెప్పులేసుకున్నాడు.

ముగ్గురం పోయాం. ఎల్లేశం కూడా లేచి వెనక వచ్చాడు, ఎవరూ రమ్మనకుండానే. కనకవ్వ అదే గడపలో ఉంది, అదే చాట.

"ఏ బాయే అవ్వా?" అన్నాను.

"ఏ బాయేంది?"

"ముత్యం ఏ బాయికి పోయిండు? ఊర్ల బాయికా?"

ఆమె తలెత్తింది. "ఊర్ల మాకు బాయి యాడిది బిడ్డా. కరువుల ఎండిపాయె. అమ్ముకొనే గద ఈడికచ్చినం. గిప్పుడు మాకున్నది గీ ఒక్క బాయే." చేత్తో గని దిక్కు చూపించింది. చూపించిన చెయ్యి కాసేపు అట్లాగే ఉండిపోయింది. "అందరు ఎక్కిన్రని చాటింపేసిన్రు గద?"

నాకు చెప్పడానికి అబద్ధమేదీ తోచలేదు. ఆమె చెయ్యి దించి మళ్ళీ ఏరసాగింది. అప్పుడు చూశాను చాటలోకి. రాళ్ళెప్పుడో అయిపోయాయి. మంచి బియ్యమే ఒక్కొక్క గింజా తీసి గడప మీద పెడుతోంది.

మొదట్లో నేను చెప్పుకున్న గొప్ప ఇక్కడ చల్లగా వెనక్కి తీసుకుంటున్నాను. ఆ పొద్దున నా ముందు ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు. బుచ్చిరాములు నిజమే చెప్పాడు, ఎల్లేశం నిజమే చెప్పాడు, కనకవ్వ నిజం తప్ప ఇంకేం చెప్పలేదు. అంతమంది నిజం చెప్పినా మునిగినవాణ్ణి నేను. భాష సరిగ్గా అందని కాకినాడ మనిషికి బాయి అంటే ఒకటే అర్థం, ఆ ఒకటే సరైనది. నాకు తెలుగు మరీ ఎక్కువై మునిగాను. చెవుల విద్య సంగతి అంటారా, మా ఇంటిది నాతో కాపురం చేసిన ఇన్నేళ్ళలో ఎన్ని అబద్ధాలు చెప్పిందో దేవుడికి ఎరుక, ఆమె చెవి కదలగా నేను ఒక్కసారి చూడలేదు.

గనిలో గోడ దగ్గరికి దిగేసరికి అది గొంతు దాకా వచ్చింది. గాలి సన్నగా ఈల వేస్తూ పైనున్న సందులోంచి లోపలికి పోతోంది. మేనేజరు అక్కడే పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఆయనా రాత్రి నుంచి తినలేదు. రెస్క్యూ జట్టు వాళ్ళు ముక్కు తొడుగులు మెడలో వేసుకుని ఒక పక్క ఉన్నారు. ఇటుక మీద తాపీ కర్ణె గీసిన చప్పుడే వినపడుతోంది.

"ఆపాలె సార్," అన్నాను. "ముత్యం లోపలున్నడు."

"బోర్డు నిండింది," అన్నాడు మేనేజరు, తల తిప్పకుండా.

"బోర్డు మేస్త్రీని లెక్కపెట్టిందండీ, మనుషుల్ని కాదు," అన్నాడు సోమయాజులు.

"మరి దీపం దొంగ ఊరికి పోయిండని పొద్దున కబురు పంపింది ఎవరు కైలాసం? జవాన్ను గూడ తోలినవ్. నీ మాట మీదనే నేను గోడ ఆపలే. ఇప్పుడు నీ మాట మీదనే ఆపమంటవా?"

"మాట మారలే సార్. అర్థం మారింది."

"ఏ సాక్ష్యం మీద?"

"ఒక ముసలమ్మ మాట మీద."

మేనేజరు నవ్వలేదు. "ఒక్క గడియ ఆగితే మంట పక్కకు దిగుతది. గప్పుడు గని పోతది. నిజంగ ఒకడున్నడో లేడో తెలువని దానికి గని పోగొట్టాల్నా? సాక్ష్యం తే."

అప్పుడే గోడ అవతల నుంచి చప్పుడు వచ్చింది. ఇనుప పట్టా మీద రాయితో కొట్టినట్టు. మూడుసార్లు. అందరూ విన్నారు. మేనేజరు లేచి నిలబడ్డాడు. కర్ణె పట్టుకున్న చేతులే ఇటుకలు ఊడదీశాయి. రెస్క్యూ వాళ్ళు తొడుగులు బిగించుకుని సందులోంచి దూరారు.

లోపల చీకట్లో చాలాసేపటికి ఒక వెలుగు ఊగుతూ వచ్చింది. పోయిన దీపమే. దాని నంబరు నేను చదివాను. కాని ఆ దీపం కింద ఉన్న మొహం ముత్యానిది కాదు. ముత్యాన్ని రెస్క్యూ వాళ్ళు మోసుకొస్తున్నారు, తెలివి లేదు, ఊపిరి ఉంది. అతని దీపం పెట్టుకుని ముందు నడిచి వస్తున్నవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. మీసం ఇంకా సరిగ్గా రాలేదు. పేరు మొగిలి అన్నాడు.

"బిళ్ళ నంబరెంత?" అన్నాడు మేనేజరు.

"నాకు బిళ్ళ లేదు దొరా."

"బిళ్ళ లేకుంట లోపలికెట్ల అచ్చినవ్?"

"గుత్తదారు మనుషులం. దినకూలి. మాకు బిళ్ళలుండయి, బత్తులుండయి. ముత్యమన్న బత్తి ఎనక నలుగురం పనిజేస్తం." దగ్గు వచ్చి ఆగాడు. "కూత ఇనంగనే అన్న జట్టుతోని ఉరికిండు. సగం దూరం పోయి మల్ల మాకోసం మర్రచ్చిండు. బత్తి లేకుంటె మాకు తొవ్వ దొరకదని. నేను దొరికిన. అన్న పడిపోంగ నేనే బత్తి పెట్టుకొని ఈడ్సుకచ్చిన."

సోమయాజులు చేతిలో ఆయన కాగితం ఉంది. దాంట్లో డబ్బాలన్నీ ఉన్నాయి, మొగిలిది లేదు. మూడు నెలలుగా అందరి పక్కనా కూర్చుని అడిగిన మనిషి, ఎవరి పక్కనా లేనివాణ్ణి అడగలేకపోయాడు. ఆయన ఆ కాగితాన్ని మడిచాడు, మళ్ళీ విప్పాడు.

నేను ఎల్లేశం వైపు తిరిగాను. "ఇందాక ఎందుకు చెప్పలే?"

"బిళ్ళ ఉన్నోళ్ళ ముచ్చటే అడిగిన్రు సాబ్," అన్నాడు ఎల్లేశం. "ఈళ్ళు ఇంకో తొవ్వల ఎక్కి పోయుంటరనుకున్న. గట్లనే అనుకోవాల్నని అనుకున్న."

"నలుగురన్నావు," అన్నాడు సోమయాజులు మొగిలితో. "మిగతా ముగ్గురూ?"

మొగిలి దీపం తిప్పి వెనక్కి చూపించాడు. "గోడ పట్టుకొని తడుముకుంట గా దిక్కు పోయిన్రు. గా దిక్కు తొవ్వ దగ్గెరనుకున్నరు."

గా దిక్కు అంటే పొగ దారి. తెల్లవారేసరికే గోడ కట్టేసిన దారి. ఇప్పుడు మధ్యలో మంట ఉంది, ఇటునుంచి అక్కడికి చేరలేరు. ఆ గోడ దగ్గర ఇప్పుడు కాపలా కూడా లేదు.

మేనేజరు నెమ్మదిగా అన్నాడు, లెక్క చెబుతున్నట్టు. "గా గోడ తీస్తే విషపు గాలి మన మీదికస్తది. తీసేటోళ్ళు బతుకుతరని నేను చెప్పలేను."

సోమయాజులు అప్పటికే నడుస్తున్నాడు. నేనూ నడిచాను. ఎల్లేశం మా ఇద్దరినీ దాటి ముందు పోయాడు. రెస్క్యూ వాళ్ళు తొడుగులు తీయకుండానే వెనక వచ్చారు.

ఇక్కడ ఆగి ఒకటి ఒప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ఇందాక మంచి గాలి దారికి కడుతున్న రెండో గోడ అవతల నుంచి చప్పుడు వచ్చిందని రాశాను చూశారూ, పట్టా మీద రాయితో మూడుసార్లు అని, అది నేను కల్పించింది. ఏ చప్పుడూ రాలేదు. సాక్ష్యం తెమ్మని మేనేజరు అన్నాక, సోమయాజులు కాగితం జేబులో పెట్టుకుని, పోయి పై వరసలో ఒక ఇటుక తీసి కింద పెట్టాడు. తర్వాత ఇంకొకటి. ఎవరూ సరే అనలేదు, ఎవరూ వద్దనలేదు. కట్టినవాళ్ళు కాసేపు చూసి వాళ్ళూ తియ్యడం మొదలుపెట్టారు. అట్లా రాస్తే మీరు నమ్మరని చప్పుడు పెట్టాను.

పొగ దారికి కట్టిన మొదటి గోడ దగ్గర కూడా ఏ చప్పుడూ లేదు. చెవి ఆనించి విన్నాను. సిమెంటు గట్టిపడి చల్లగా ఉంది. ఎల్లేశం చేతిలోకి గడ్డపార ఎట్లా వచ్చిందో తెలియదు. అందరం ముక్కులకు తడిగుడ్డ కట్టుకునేదాకా ఆగమని సోమయాజులు అన్నాడు. ఎల్లేశం ఆగలేదు, గడ్డపార ఎత్తి గోడలోకి దించాడు.